బార్నకిళ్లతో డార్విను గడపిన యెనిమిదేండ్లు

విశాఖపట్టణపు రేవులో నీట నిలిచిన స్తంభములను, లంగరు గొలుసులను, చిరకాలము కదలక యున్న నావల యడుగుభాగములను జూచినవారికి, వానిని గప్పివేసి తెల్లగను, ఊదారంగు చారలతోను గనిపించు చిన్న గుల్లలు క్రొత్తవి కావు. శిఖరము లేని చిన్న గోపురమువలె నుండి, చేత బెరికిన నూడిరాక, కాలు తగిలిన గీఱివేయు నీ జీవిని ఇంగ్లీషువారు బార్నకిల్ అందురు. మన రేవున గనబడు నీ చారల జాతికి 1854 వ సంవత్సరమున బేరుపెట్టి, లక్షణములు వ్రాసి లోకమునకు దెలిపినవాడు చార్లెస్ డార్విను. గ్రీకు పురాణములలోని సముద్రదేవత యగు ఆంఫిట్రైటీ పేరు దాని కాయన యొసగెను. జీవపరిణామ సిద్ధాంతకర్తగా డార్వినును ఎఱుగనివా రరుదు. కాని యా సిద్ధాంతమును వ్రాసి బీరువాలో దాచి, ఎనిమిదేండ్లపాటు ఈ గుల్లలను గోసి చూచుచు ఆయన యింట గూర్చుండెనను సంగతి మన దేశమున నంతగా ప్రచారములో లేదు. ఆ యెనిమిదేండ్లను గూర్చియే నేడు మేము పాఠకులకు విన్నవింప దలచితిమి.

డార్విను 1809 వ సంవత్సరము ఫిబ్రవరి 12 వ తేదీన ఇంగ్లాండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు డార్విను పేరువడిన వైద్యుడు. పితామహుడగు ఎరాస్మస్ డార్విను వైద్యుడును, కవియును, జీవజాతులు మాఱుచుండునని తలచినవారిలో నొకడును. ఎనిమిదవ యేటనే తల్లి గతించెను. తండ్రి కోరిక ననుసరించి 1825 లో వైద్యవిద్యకై ఎడింబరో నగరమునకు బోయెను గాని, మత్తుమందు లేని యా దినములలో శస్త్రచికిత్సను జూచి సహింపలేక వెలికి బరుగెత్తిన యా యువకునికి ఆ విద్య యబ్బలేదు. అబ్బినది వేఱొకటి. రాబర్టు గ్రాంటు అను పండితుని వెంట సముద్రతీరమున దిరిగి, ఆటువేళ ఱాళ్లసందులలో నిలుచు నీటి గుంటలలోని చిన్న ప్రాణులను బట్టి సూక్ష్మదర్శనిలో జూచుట నేర్చెను. గయానానుండి వచ్చిన, దాస్యవిముక్తుడగు జాన్ ఎడ్మన్‌స్టను అను నల్లజాతివానికి రుసుము చెల్లించి పక్షుల కళేబరములను చెడకుండ నిలుపు విద్యను గఱచెను. 1827 మార్చిలో విద్యార్థి పరిషత్తు ముందర ఒక సముద్రజీవిని గూర్చి తాను కనుగొన్న చిన్న విషయమును విన్నవించునాటికి ఆయనకు 18 సంవత్సరములు. తరువాత కేంబ్రిడ్జిలో మతాచార్యవృత్తికై చదివి పట్టమును బొందెను. ఆ వృత్తిలో మాత్రము ప్రవేశింపలేదు.

1831 డిసెంబరు 27 వ తేదీన బీగిల్ అను నావపై బయలుదేఱి, భూమిని జుట్టి, 1836 అక్టోబరు 2 వ తేదీన స్వదేశమునకు మఱలి వచ్చిన కథ పాఠ్యపుస్తకములలోనే యున్నది. దానిని మరల జెప్ప బనిలేదు. మనకు వలసిన దందలి యొక దినపు సంగతి మాత్రమే. 1835 జనవరిలో దక్షిణ అమెరికా ఖండమున చిలీ దేశపు చోనోస్ ద్వీపముల యొడ్డున డార్వినునకు ఒక పెద్ద గుల్ల దొరకెను. దానినిండ సన్నని రంధ్రము లుండెను. ఒక్కొక్క రంధ్రములో గుండుసూది తలయంత ప్రాణి యొకటి యుండెను. చూడగా నది బార్నకిల్ జాతిదే, కాని తక్కిన బార్నకిళ్లవలె దాని కొక గుల్ల లేదు. పరుల గుల్లను దొలిచి యందు గాపురము చేయుచుండెను. ఆయన దానిని సీసాలో భద్రపఱచి వెంట దెచ్చెను. పది సంవత్సరములకు పైగా ఆ సీసా యట్లే యుండెను.

ఈలోపల ఆయన 1839 లో ఎమ్మా వెడ్జ్‌వుడ్డును బెండ్లాడి, 1842 లో లండనునకు సమీపమున నున్న డౌన్ అను గ్రామమున గాపురము పెట్టెను. ఆ సంవత్సరముననే తన సిద్ధాంతమును క్లుప్తముగ వ్రాసికొని, 1844 లో దానిని సుమారు 230 పుటలకు బెంచెను. తాను అకస్మాత్తుగ మరణించినచో 400 పౌనులు వ్యయపఱచి దానిని ప్రకటింపింపవలసినదని భార్యకు జాబు వ్రాసి యుంచెను. అంతే; ఆ కాగితములు బీరువాకెక్కెను. అదే సంవత్సరము అక్టోబరులో కర్త పేరు లేకుండ, జీవులు ఒకదానినుండి యొకటి కలిగినవని చెప్పు గ్రంథమొకటి వెలువడి లోకమును గలచివేసెను. దానిని వ్రాసినది రాబర్టు చేంబర్సు అను ప్రకాశకుడని పిమ్మట దేలినది. సామాన్యులు దానిని విరివిగా గొని చదివిరి. పండితులు మాత్రము చీల్చి చెండాడిరి. వారిలో డార్వినునకు భూగర్భశాస్త్రమును నేర్పిన సెడ్జివిక్కు కూడ నుండెను. మఱుసటి సంవత్సరము ఆయన మిత్రుడగు హుకర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వేఱొక గ్రంథకర్తను విమర్శించుచు, పెక్కు జాతులను స్వయముగ బరిశీలించి వర్ణింపనివానికి జాతుల పుట్టుకను గూర్చి మాటలాడు నధికారము లేదను నర్థము వచ్చునట్లు జాబు వ్రాసెను. హుకరునకు మిత్రుని నొప్పింపవలెనను తలంపు లేదు. అయినను ఆ మాట డార్వినునకు ములుకువలె నాటెను. అప్పటి కాయన భూగర్భశాస్త్రజ్ఞుడుగా మాత్రమే ఖ్యాతుడు. ఏ యొక్క జీవజాతి వర్గమునందును ఆయన ప్రామాణికుడు కాడు.

1846 అక్టోబరు 1 వ తేదీన ఆయన చోనోస్ సీసాను దీసి సూక్ష్మదర్శని ముందు గూర్చుండెను. కొలది మాసములలో ఒక చిన్న వ్యాసముతో ముగియునని ఆయన యూహ. ఆ ప్రాణి తక్కినవానికంటె నెట్లు భిన్నమో చెప్పవలెనన్న తక్కినవానిని జూడవలెను. ఒకదానిని జూడగా నింకొకటి కావలసివచ్చెను. బ్రిటిషు మ్యూజియములోని జంతుశాఖాధికారి జాన్ ఎడ్వర్డు గ్రే, తాను వ్రాయదలచిన విషయమును సైతము విడిచిపెట్టి, యీ వర్గమునంతను డార్వినే పరిశోధింపవలెనని కోరెను. మ్యూజియమువారి సంగ్రహము డౌన్ గ్రామమునకు దరలివచ్చెను. దేశదేశములనుండి సేకర్తలు పొట్లములు పంపిరి. తన పనికి దగినట్లు ఆయన క్రొత్త సూక్ష్మదర్శనిని జేయించుకొనెను. ఉదయము లేచినది మొదలు తండ్రి బార్నకిళ్ల ముందు గూర్చుండుట తప్ప మఱొకటి యెఱుగని యాయన బిడ్డలలో నొకరు, పొరుగింటివారిని గూర్చి మాటలాడుచు, ఆ యింటి యజమానుడు తన బార్నకిళ్లను ఎక్కడ జేసికొనునని యడిగిరట! ప్రతి తండ్రికిని అదియే వృత్తియని ఆ పసిబిడ్డ తలంపు.

ఇంతగా నొక మహాపండితుని గట్టివేయుటకు ఈ గుల్లలో నేమున్నది? పూర్వులు దీనిని నత్తలతోను ఆలుచిప్పలతోను జేర్చిరి. లిన్నేయసు అట్లే వ్రాసెను. కువియే అట్లే వ్రాసెను. 1830 లో, కార్కు నగరమున నున్న జాన్ వాన్ థామ్సను అను సైనిక వైద్యుడు, దీని పిల్లలు నత్తపిల్లలు కావనియు, రొయ్యలు, పీతల వర్గమునకు జేరిన యీదుడు ప్రాణులనియు బ్రకటించెను. గ్రుడ్డు వెడలిన పిల్లకు ఒక కన్ను, మూడు జతల కాళ్లు. కొన్ని వారములపాటు కెరటములపై దేలుచు, కుబుసములు విడుచుచు బెరుగును. కడపటి దశలో దాని కాహారమే లేదు. కూడబెట్టుకొన్న క్రొవ్వు తఱుగకమున్నే నిలువనీడ వెదకికొనవలెను. ముందరి రెండు స్పర్శకములతో ఱాతిపై నడచుచు, ఒకచోట నాగుచు, మరల సాగుచు, తనజాతివారు పూర్వము నివసించిన చోటికై తడవుకొనును. చోటు కుదిరినంతనే తలను ఱాతికి జిగురుతో నంటించుకొని, చుట్టును సున్నపు పలకలు గట్టుకొని, తలక్రిందులుగ నుండి, ఈకలవంటి యాఱు జతల కాళ్లతో నీటిలోని యాహారమును నోటిలోనికి ద్రోసికొనుచు జీవితశేషమును వెడలించును. ఒకసారి యంటుకొన్న పిమ్మట కదలుట లేదు.

కావున ఱాతిపై దొరకిన చోటే దానికి జీవితమును మరణమును. తనవారికి దూరముగ నంటుకొన్నచో సంతానము కలుగుట కష్టము. వారి నడుమ నంటుకొన్నచో పెరుగ దావులేదు. ప్రక్కకు బెరుగలేనివి ఇరుకున బడి పైకి బెరిగి, సన్నని గొట్టములవలె సాగును. ఱాతిని బట్టుకొను నడుగుభాగము తఱిగి, తుదకొక తుపానునాడు గుంపుగుంపే యూడి పడును. పోటువేళ నాహారము, ఆటువేళ నెండ. ఎక్కువ యెత్తున నున్నవి యెండకు మాడును, తక్కువ యెత్తున నున్నవి నత్తలకు నాహారమగును. మూరెడు ఱాతిమీద నింత కథ జరుగుచుండ, ఒడ్డున దిరుగువాని కంటికి అది ఱాతికి బట్టిన తెల్లని పొక్కుగా మాత్రమే తోచును.

డార్విను చూచినది ముఖ్యముగ నా ప్రాణుల శరీరములను. పెక్కు బార్నకిళ్లలో నొక్క శరీరముననే ఆడుతనము, మగతనము రెండును గలవు. కాని ఫిలిప్పీను ద్వీపములనుండి హ్యూ కమింగ్ అను సేకర్త తెచ్చిన యొక జాతిలో ఆయనకు ఆడుప్రాణి మాత్రమే కనబడెను. దాని శరీరమున నేవియో యల్పజీవులు పరాన్నభుక్కులవలె నంటియుండెను. మొదట వానిని గోసి పాఱవేసెను. పిదప బరికింపగా అవియే మగవి! దానికి దగ్గఱ చుట్టమగు వేఱొక జాతిలో నుభయలింగ ప్రాణులతోబాటు అదనముగ నిట్టి మరుగుజ్జు మగవి గలవు. ఉభయలింగత్వమునుండి ఆడుమగల భేదము మెట్టుమెట్టుగ నెట్లేర్పడియుండునో, ఆ మెట్లు ఆయన బల్లమీద గన్నులకు గట్టినవి. బీరువాలోని సిద్ధాంతము లేకున్నచో ఆయన ఆ యల్పజీవులను మగవిగా గుర్తించియుండునా యని మాకు సందేహము. ఇంకొకటియు గలదు. ఒకే జాతిలోని ప్రాణులలో ఏ రెండును ఏ యవయవమునందును సరిగా నొక్కటిగ నుండలేదు. ఏది జాతి, ఏది యుపజాతి యని నిర్ణయింపలేక, వేఱుచేసినవానిని గలిపి, కలిపినవానిని మరల వేఱుచేసి, ఆయన విసిగిపోయెను. వర్ణించువానికి దుఃఖకరమైన యా వైవిధ్యమే సిద్ధాంతమునకు మూలధనమయ్యెను.

ఆ కాలమంతయు సుఖముగ గడచినది కాదు. కడుపులో వికారము, వాంతులు, నీరసము ఆయనను బీడించుచుండెను. ఎనిమిదేండ్లలో సుమారు రెండేండ్లు రోగమునకే పోయినవని ఆయన లెక్క. 1848 నవంబరులో తండ్రి మరణించెను. మఱుసటి వసంతమున సకుటుంబముగ మాల్వరన్ పట్టణమునకు బోయి, గల్లీ అను వైద్యునిచే జలచికిత్స చేయించుకొనగా గొంత నెమ్మదించెను. ఆ నమ్మకముతోనే 1851 లో జబ్బుపడిన తన పెద్దకూతురు ఆనీని గూడ నచ్చటికే పంపెను. పదేండ్ల పిల్ల. తండ్రికి ప్రాణము. జ్వరము ముదురగా ఆయన పరుగున బోయి మంచము ప్రక్కనుండి కదలలేదు. తల్లి నిండుగర్భిణి యగుటచే నింటినుండి రాలేకపోయెను. ఏప్రిలు 23 వ తేదీన ఆనీ కన్నుమూసెను. భార్య నోదార్చుటకై ఆయన ఖననమునకైన నిలువక డౌన్ గ్రామమునకు మఱలెను. వారము దినములకు ఆ బిడ్డ రూపును, నడతను, నవ్వును గూర్చి కొన్ని పుటలు వ్రాసికొనెను. మరల బల్ల ముందు గూర్చుండెను. ఆ సంవత్సరపు సంపుటములుగ బార్నకిళ్ల గ్రంథములలో మొదటివి వెలువడినవి. వానిని దిరుగవేయునపుడు, వాని ప్రూపులు దిద్దిన చేతులు ఎట్టి చేతులో మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

1853 లో రాయల్ సొసైటీవారు పగడపుదిబ్బలను గూర్చిన గ్రంథమునకును, ఈ పరిశోధనకును గాను ఆయనకు రాయల్ పతక మొసంగిరి. 1854 సెప్టెంబరులో పని ముగిసి, గుల్లలన్నియు మూటలు గట్టబడి యెవరివి వారికి బోయినవి. బ్రతికియున్న జాతులకు రెండు, శిలారూపమున దొరకినవానికి రెండు, మొత్తము నాలుగు సంపుటములు. ఇంతకాలము దీనికి వెచ్చింపదగినదా యని ఆయనకే యనుమానము మిగిలెను. భయముచేతనే సిద్ధాంతమును దాచి, ఈ గుల్లల చాటున దాగెనని కొందఱు చరిత్రకారు లందురు. భయమేమియు లేదు, ఒక పని తరువాత నొక పనిగ జేయుచు వచ్చెనని మఱికొంద ఱందురు. మాకు జూడగా భయము బొత్తిగా లేదనుట కష్టము. కాని చాటున దాగదలచినవాడు వేయికి బైగా పుటలు వ్రాసి, ప్రతి పలకకు గొలతలు వేయుచు గూర్చుండడు. హుకరు మాటకు ఆయన చేసిన సమాధాన మిది.

ఆ సమాధానములో దప్పులును లేకపోలేదు. జిగురు నూరించు గ్రంథులు అండాశయమునకు సంబంధించినవని డార్విను భ్రమపడెను. వేఱొక రంధ్రమును చెవి యని వ్రాసెను. 1859 లో క్రోన్ అను జర్మను పండితుడు రెండును పొరపాట్లని చూపగా, డార్విను వాదింపక యొప్పుకొనెను. శిలావశేషముల విషయమునను ఆయన యూహ తలక్రిందులయ్యెను. ఱాళ్ల నంటి గోపురమువలె నుండు బార్నకిళ్లు పూర్వ భూయుగముల శిలలలో గనబడకపోవుటచే, అవి యిటీవల పుట్టినవని ఆయన తలచెను. ఇంతలో బెల్జియము దేశపు సుద్దశిలలలో అట్టిదానినే కనుగొని, బోస్కే అను పండితుడు దాని చిత్రమును పంపెను. దానిని క్థామలస్ అను గణమునకు జేరినదిగ నెంచిరి. ప్రపంచమందలి ఱాతితీరములన్నిటను లెక్కలేనన్ని యుండు నీ గణము ఆటుపోటుల నడుమనే నివసించును. అచట పడిన గుల్లను అలలు పిండిచేయునే గాని మట్టి కప్పి దాచదు. అందుచే వానిలో దాదాపు అన్నిటి జాడయు నడుమ యుగముల శిలలలో డార్విను నాటికి దొరకలేదు. ఇన్ని కోట్ల ప్రాణులే జాడ లేకుండ బోగా, శిలలలో లేనిదెల్ల లోకమున లేనిదే యనుట యెట్లు? తన సిద్ధాంతమునకు వచ్చు ప్రధానాక్షేపణలలో నొకదానికి, తన పొరపాటునే సాక్ష్యముగ జేసి, డార్విను తన మహాగ్రంథమున నుత్తరము చెప్పెను.

ఆ గ్రంథపు కథ సుప్రసిద్ధము. 1858 జూనులో మలయా ద్వీపములనుండి వాలెసు పంపిన వ్యాసమున తన సిద్ధాంతమే కనిపించుట, అదే నెలలో పసిబిడ్డ యొకడు జ్వరమున మరణించుట, జూలై 1 వ తేదీన ఇద్దఱి వ్రాతలును లినేయన్ సొసైటీలో జదువబడుట, 1859 నవంబరు 24 వ తేదీన గ్రంథము వెలువడుట – ఇవన్నియు పలువు రెఱిగినవే. ఒక్క సంగతి మాత్రము చెప్పుదుము. అంతకు బూర్వము ఆయన తన తోటలో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుగల నేలను జదునుచేసి, మొలచిన కలుపుమొక్కల నన్నిటిని లెక్కించెను. 357 మొలవగా 295 నశించినవి. నత్తలు, పురుగులు వానిని దినివేసినవి. జీవనసంగ్రామమనగా ఆయనకు ఉపమానము కాదు, లెక్క.

అట్టి లెక్కను ఆయన బార్నకిళ్ల ఱాతిమీద వేయలేదు. సీసాలలో వచ్చినవానిని గోసి చూచెనే గాని, ఒక ఱాతి యెదుట నేండ్లతరబడి నిలిచి యెవరు బ్రదికిరి, ఎవరు చచ్చిరి యని చూచుటకు ఆయన యారోగ్యము గాని, ఉద్దేశము గాని యనుకూలింపలేదు. ఆ పనికి నూఱేండ్లు పట్టినది. స్కాట్లండులో కంబ్రే ద్వీపమందలి మిల్‌పోర్టు తీరమున 1950 దశాబ్దములో జోసెఫ్ కానెల్ అను అమెరికను శాస్త్రజ్ఞు డా పనిని జేసెను. అచ్చటి ఱాళ్లపై పైవరుసలో క్థామలస్, క్రింది వరుసలో బలానస్ అను రెండు తెగలు నివసించును. పైది క్రిందికి దిగదేల? క్రింది నీరు దానికి బడదా? కానెలు క్థామలస్ ఉన్న ఱాళ్లను క్రిందికి దింపి, ఒక్కొక్క ఱాతిలో సగముమీద వ్రాలిన బలానసును దీసివేసి, రెండవ సగమును అట్లే విడిచిపెట్టెను. తీసివేసిన సగమున క్థామలస్ క్రిందను సుఖముగ జీవించెను. విడిచిన సగమున త్వరగా బెరుగు బలానస్ దానిపై కెక్కి, అడుగున జొచ్చి పెకలించి, ప్రక్కలనుండి నొక్కి చంపెను. బలానస్ పైకి రాలేకుండుటకు గారణము మఱొకటి: ఆటువేళ నారిపోవుట. పైహద్దును ఎండయు, క్రిందిహద్దును పొరుగువాడును నిర్ణయించుచున్నారన్నమాట. ఇది 1961 లో బ్రకటింపబడి, నేటికిని పరిసర జీవశాస్త్రమును జదువు విద్యార్థులకు మొదట జెప్పు పాఠములలో నొకటిగ నున్నది. డార్విను ప్రత్యేకముగ వర్ణించిన ప్రాణులే, డార్విను చెప్పిన సంగ్రామమును, ఆయన చూడని చోట, మూరెడు ఱాతిమీద జేయుచు బట్టుబడినవి.

డార్విను 1882 ఏప్రిలు 19 వ తేదీన డౌన్ గ్రామమున దన యింట మరణించెను. ఊరి చర్చి ప్రాంగణముననే ఖననము జరుగునని కుటుంబము తలచియుండగా, జాతిపెద్దలు పట్టుబట్టి వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేయించిరి. ఆయన తన చేతులార జేసిన బార్నకిళ్ల గాజుపలకలు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియమున భద్రముగ నున్నవి. విశాఖపట్టణపు రేవులో నావలకు బట్టు గుల్లలను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పండితులు 1950 దశాబ్దమున బరిశీలించిరి. డార్విను బలానస్ గణమున జేర్చిన చారల జాతిని ఇటీవలి శాస్త్రజ్ఞులు వేఱొక గణమునకు మార్చిరి; ఆంఫిట్రైటీ పేరును మార్చలేదు.